పడకపుండు ఎవరి తప్పు?

చాలాకాలం తర్వాత ఈ పుట తెరిచాను. రాయవలసింది కవిత్వమో, చదివిన పుస్తకం గురించో అయితే బాగుండేది. కానీ మూడు నాలుగేళ్ళుగా మనసులో ఒక ప్రశ్న నానుతోంది. దానికి జవాబు వెదుకుతూ పాత వైద్యచరిత్రలోకి వెళ్ళాను. అక్కడ దొరికింది మీతో పంచుకోకుండా ఉండలేక రాస్తున్న టపా ఇది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

2021 మే నెలలో మా మేనత్త కరోనాతో ఆసుపత్రిలో చేరి, ముప్ఫై ఒక్క రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. అప్పటికి ఆవిడకు అరవై నాలుగేళ్ళు. వస్తుందనే ఆశ మేమెవ్వరం పెట్టుకోలేదు కనుక గుమ్మంలో దిష్టి తీసి, ఎర్రనీళ్ళు పారబోసి, అందరం ఏడ్చేశాం. ఆ ఏడుపు తేరుకున్నాక గానీ ఆవిడ ముఖం సరిగ్గా చూడలేదు. ఎడమ చెంప ఎముక మీద రూపాయి బిళ్ళంత నల్లటి పెచ్చు. ఆ సాయంత్రం బట్టలు మార్చబోయిన వదిన గదిలోంచి పిలిచింది. నడుము కింద, వెన్ను చివర, ఇంకో పుండు. అది పెచ్చు కట్టలేదు. లోతుగా ఉంది.

బావ ఆ రాత్రి భోజనం చేయలేదు. "ముప్ఫై రోజులు అమ్మను ఒక పక్కకు తిప్పిన నాథుడు లేడన్నమాట. లక్షలు కట్టించుకున్నారు. నేను ఊరుకోను" అన్నాడు. నేను వాడిని సముదాయించలేదు. నిజానికి నాకూ అదే కోపం. అయితే ఆ కోపం న్యాయమైనదేనా అన్న అనుమానం మాత్రం మర్నాటి నుంచి మొదలైంది. పడకపుండు జబ్బు వల్ల వస్తుందా, చూసుకునేవాళ్ళ నిర్లక్ష్యం వల్ల వస్తుందా? ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టింది కాదనీ, దీనిమీద మహామహులు నూటయాభై ఏళ్ళ క్రితమే వాదులాడుకున్నారనీ తర్వాత తెలిసింది.

* * *

ముందుగా పేరు సంగతి. మనం పడకపుండు అంటాం. పాశ్చాత్య వైద్యులు చాలాకాలం 'డెక్యుబిటస్' అన్నారు. లాటిన్‌లో పడుకొనడం అన్న అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. రెండు పేర్లూ తప్పుదారి పట్టించేవే. పుండుకు కారణం పడక కాదు, ఒత్తిడి. చక్రాల కుర్చీలో కూర్చున్నవాడికీ వస్తుంది, ముక్కులో గొట్టం ఒరుసుకున్న చోటా వస్తుంది. అందుకే అమెరికాలో ఈ విషయం చూసే జాతీయ సలహా సంఘం 2016లో 'ఒత్తిడి పుండు' అన్న పేరు కూడా తీసివేసి 'ఒత్తిడి గాయం' అని మార్చింది. తొలి దశలో చర్మం చిట్లదు. పైకి పుండే కనబడదు. కానీ లోపల కండ అప్పటికే నలిగిపోయి ఉండవచ్చు. పుండు అని పేరు పెడితే పుండు కనబడేదాకా ఎవరూ చూడరన్నది వారి ఉద్దేశం.

జరిగేది ఏమిటంటే, మన చర్మంలోనూ కండలోనూ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలుంటాయి. వాటిలో రక్తం చాలా తక్కువ ఒత్తిడితో ప్రవహిస్తుంది. 1930లో యూజిన్ లాండిస్ అనే శాస్త్రజ్ఞుడు మనుషుల గోటి మొదలు దగ్గర ఉండే కేశనాళికలోకి సూక్ష్మమైన గాజుసూది దించి కొలిచాడు. ధమని వైపు సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం అని తేలింది. ఎముకకూ పరుపుకూ మధ్య చిక్కుకున్న కండ మీద అంతకు మించిన బరువు పడితే ఆ నాళం మూసుకుపోవచ్చు. మనందరికీ రోజూ పడుతూనే ఉంటుంది. మరి మనకెందుకు పుండ్లు పడవు? కదులుతాం కనుక. నిద్రలో కూడా తెలియకుండానే ఒత్తిగిలుతాం. కుర్చీలో ఈ టపా చదువుతూ మీరు ఇప్పటికే ఒకటి రెండుసార్లు సర్దుకుని ఉంటారు.

1959లో మైకేల్ కోసియాక్ అనే వైద్యుడు జంతువుల మీద చేసిన ప్రయోగాలలో ఒత్తిడికీ కాలానికీ ఉన్న సంబంధం బయటపడింది. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు, తక్కువ ఒత్తిడి చాలాసేపు, రెండూ ఒకే హాని చేస్తాయి. 70 మిల్లీమీటర్ల ఒత్తిడి ఆపకుండా రెండు గంటలు ఉంటే కణజాలంలో కోలుకోలేని మార్పులు కనిపించాయి. మధ్యమధ్య ఒత్తిడి తీసివేస్తే అంత హాని జరగలేదు. రెండు గంటలకొకసారి రోగిని తిప్పాలన్న నియమం అంతకు ముందునుంచే అనుభవంగా ఉన్నా, దానికి వెన్నుదన్ను దొరికింది ఇక్కడే.

* * *

చరిత్రలో ఈ పుండుకు మంచి వైద్యం చేసిన కథల్లో నాకు బాగా నచ్చింది ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారేది. 1569లో ఆయనను మోన్స్ పట్టణం దగ్గర ఒక యువ ప్రభువు కోటకు పంపారు. ఆ యువకుడికి మోకాలి దగ్గర తుపాకి గుండు తగిలి ఏడు నెలలైంది. తొడ చీము పట్టింది. మనిషి ఎముకల గూడయ్యాడు. నడుము కింద పెద్ద పుండు. నొప్పి భయంతో రెండు నెలలుగా పక్కదుప్పట్లు కూడా మార్చలేదు.

పారే చేసిన పనుల జాబితా చూస్తే ఇప్పటి నర్సింగు పాఠంలా ఉంటుంది. గాయం తెరిచి చీము తీశాడు. పరుపూ దుప్పట్లూ మార్పించాడు. పుండుపడ్డ చోట బరువు ఆనకుండా మెత్తని ఈకల దిండు ఒకటి కింద అమర్చాడు. బలమైన ఆహారం పెట్టించాడు. నిద్ర పట్టడానికి ఎత్తునుంచి గిన్నెలోకి నీళ్ళు పోయించి, వానపడుతున్న చప్పుడు వినిపించాడట! ఆ యువకుడు బ్రతికాడు. నాలుగున్నర శతాబ్దాల క్రితమే ఒత్తిడి తీయాలి, శుభ్రం చేయాలి, తిండి పెట్టాలి, నిద్రపుచ్చాలి అని ఒకరికి తెలుసు. తెలిసీ మనం మళ్ళీ మళ్ళీ మరచిపోయామన్నదే ఈ కథలో విచిత్రం.

* * *

పందొమ్మిదో శతాబ్దానికి వస్తే అసలు వాదం మొదలవుతుంది.

పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో ఝాన్ మార్టిన్ షార్కో అనే నాడీవైద్య దిగ్గజం ఉండేవాడు. మెదడులో రక్తం చిట్లి పక్షవాతం వచ్చినవారికీ, వెన్నుపాము దెబ్బతిన్నవారికీ కొద్దిరోజుల్లోనే పిరుదుల మీద నల్లటి పుండ్లు లేవడం ఆయన గమనించాడు. ఆ పుండు కనబడితే రోగి ఇక దక్కడని ఆయన అనుభవం. అందుకే దానికి 'అపశకునపు పుండు' అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. చర్మాన్ని పోషించే నాడులేవో ఉన్నాయనీ, అవి చెడితే చర్మం తనంతట తానే చచ్చిపోతుందనీ ఆయన సిద్ధాంతం. అంటే పుండు జబ్బులో భాగం. ఎవరూ ఆపలేరు. ఎవరి తప్పూ కాదు.

షార్కో మాట అంటే ఆ రోజుల్లో వేదవాక్కు. కానీ ఆయనకు ముందే, 1850ల తొలినాళ్ళలో, బ్రౌన్ సెకార్ అనే మరో శరీరశాస్త్రవేత్త గినీ పందుల వెన్నుపాము కోసి చూశాడు. వాటికి పుండ్లు పడ్డాయి. అయితే ఒకే భాగం మీద బరువు పడకుండా చూసి, మూత్రం అంటకుండా చర్మాన్ని శుభ్రంగా ఉంచినప్పుడు పుండ్లు పడలేదు. నాడులు తెగినా చర్మం బ్రతికింది. ఆ చిన్న ప్రయోగం చెప్పినదాన్ని లోకం పట్టించుకోవడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

రెండో పక్షాన ఫ్లోరెన్స్ నైటింగేల్. 1859లో వెలువడిన ఆమె నర్సింగు గ్రంథం మొదట్లోనే ఒక కటువైన మాట ఉంది. రోగికి పడకపుండు పడితే సాధారణంగా అది జబ్బు తప్పు కాదు, సేవ తప్పు అని ఆమె సారాంశం. ఇది చదివి బావ కోపానికి చరిత్రలోనే ఆధారం దొరికిందనుకున్నాను. కానీ చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేనూ మొదటిసారి ఆగాను. అదే చోట ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. గాలీ వెలుతురూ లేని భవనాలు, చెడ్డ పారిశుధ్యం, చెడ్డ పరిపాలన ఉన్నచోట సేవ చేయడమే అసాధ్యమవుతుందని. సేవ తప్పు అన్నంత మాత్రాన సేవకురాలి తప్పు అని ఆమె అనలేదన్నమాట! ఆ రెండో సగాన్ని మరచిపోయి మొదటి సగాన్ని నూటయాభై ఏళ్ళు నర్సుల మీద ప్రయోగించాం.

ఒకరేమో ఎవరి తప్పూ కాదంటారు. ఇంకొకరి మాటను సగం విని అంతా నర్సు తప్పే అంటాం. రెండిటిలోనూ ఒక సౌకర్యం ఉంది. మొదటిది వైద్యుణ్ణి ఓదారుస్తుంది, రెండోది యాజమాన్యాన్ని ఓదారుస్తుంది.

* * *

ఈ వాదాన్ని ఆచరణలో తేల్చినవాడు లుడ్విగ్ గుట్మన్. జర్మనీకి చెందిన యూదు వైద్యుడు. 1917లో కుర్రవాడిగా ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కార్మికుణ్ణి చూశాడు. దృఢమైన మనిషి. అయిదు వారాల్లో శరీరమంతా విషమెక్కి చనిపోయాడు. ఇటువంటివారి గురించి పెద్దగా రాసుకోనక్కరలేదు, ఎలాగూ దక్కరు అన్నది అప్పటి వైద్యుల ధోరణి. ఆ మాట ఆయన మరచిపోలేదు. నాజీల బారినుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ఆయన చేతికి వచ్చింది.

అక్కడ ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. ప్రతి రెండు గంటలకూ, పగలూ రాత్రీ, ప్రతి రోగినీ తిప్పించాడు. తిప్పుతున్నారో లేదో చూడడానికి అర్ధరాత్రి తానే వార్డులోకి వచ్చేవాడు. షార్కో అపశకునమన్న పుండ్లు మానాయి, కొత్తవి పడడం ఆగింది. చనిపోతారనుకున్న సైనికులు బ్రతకడమే కాదు, 1948లో అదే ఆసుపత్రి పచ్చికలో చక్రాల కుర్చీలలో కూర్చుని విలువిద్య పోటీలు ఆడారు. నేటి పారాలింపిక్సుకు అదే బీజం. అంత పెద్ద క్రీడోత్సవానికి మూలంలో రాత్రి రెండింటికి లేచి ఒక మనిషిని ఇంకో పక్కకు తిప్పిన చేతులున్నాయంటే నాకు ఒళ్ళు పులకరించింది.

* * *

ఇక వైరస్ జబ్బుల సంగతి. ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. తీవ్రమైన వైరస్ సోకి ఊపిరి అందనివాడు పాతరోజుల్లో రెండు మూడు రోజుల్లో పోయేవాడు. పడకపుండు పడేటంత కాలం బ్రతికేవాడు కాదు. ఊపిరిని యంత్రంతోనో చేత్తోనో నిలపడం నేర్చుకున్నాకే వైరస్ రోగికి వారాల తరబడి పడక సంప్రాప్తమయింది.

1928లో హార్వర్డులో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా ఇనుప ఊపిరితిత్తిని తయారుచేశారు. పోలియోతో ఊపిరి కండరాలు చచ్చుబడ్డ పిల్లలను మెడదాకా ఒక ఇనుప పీపాలో వెల్లకిలా పడుకోబెట్టేవారు. పీపాలో గాలి ఒత్తిడి మారుతుంటే రొమ్ము లేచి పడేది. ప్రాణం నిలిచేది. కానీ ఆ రోగి వీపు తుడవడం ఎలా? పీపా పక్కన ఉన్న గుండ్రని కంతల్లోంచి చేతులు దూర్చి నర్సులు ఆ పని చేసేవారు. పీపా తెరిస్తే ఊపిరి ఆగుతుంది. కనుక తెరిచిన కొద్ది క్షణాల్లోనే అన్నీ ముగించాలి.

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో కొద్దినెలల్లో 2,700 మందికి పైగా చేరారు. వారిలో 300 మందికి పైగా ఊపిరికి సహాయం కావలసినవారు. ఆసుపత్రిలో ఉన్న ఇనుప ఊపిరితిత్తి ఒకటి, రొమ్ముకు తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో ఆ యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఒక దారి చూపాడు. శస్త్రచికిత్స గదిలో చేసినట్టే గొంతులో రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపడం. ఆగస్టు 27న పన్నెండేళ్ళ బాలిక మీద ప్రయత్నించాడు. ఆ పిల్ల బ్రతికింది.

తర్వాత వందలమందికి ఆ సంచి నొక్కేదెవరు? దాదాపు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా నొక్కారు. రాత్రింబవళ్ళు, వారాల తరబడి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలన్నిటికీ పుట్టిల్లు అదే అంటారు. నేను దీనిని వేరే విధంగా చదువుకుంటున్నాను. అక్కడ యంత్రాలు లేని లోటును మనుషుల చేతులు పూడ్చాయి. అక్కడ చేతులకు కొరత రానివ్వలేదు.

ఇందులో పోలియో గురించి మరో కిటుకు ఉంది. పోలియో వైరస్ కదలికలను చంపుతుంది గానీ స్పర్శను చంపదు. కదలలేకపోయినా రోగికి ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలుస్తుంది, తిప్పమని అడుగుతాడు. అందుకే వెన్నుపాము తెగినవారితో పోలిస్తే పోలియో రోగులకు పడకపుండ్లు తక్కువ. కదలికను జబ్బు తీసుకుపోయినా, ఇక్కడ నొప్పిగా ఉందని చెప్పగల నోరు మిగిలితే చర్మం దక్కుతుంది. వినే చెవి కూడా ఉండాలనుకోండి.

* * *

పోలియోకు టీకా వచ్చాక ఈ విషయం వృద్ధుల వార్డులకు మారింది. 1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు తన సహచరులతో కలిసి, ఏ రోగికి పుండు పడే ప్రమాదముందో ముందే అంచనా కట్టే పట్టిక తయారుచేసింది. శరీరస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రాల అదుపు అనే అయిదు అంశాలు. 1987లో అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ఆరు అంశాలతో మరో పట్టిక ఇచ్చారు. అందులో మొదటి అంశమే స్పర్శ. ఈనాడు ప్రపంచమంతా వాడుతున్నది ఎక్కువగా ఇదే.

2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ వైద్యబీమా, ఆసుపత్రిలో చేరాక పడిన లోతైన పడకపుండ్లకు అదనపు ఖర్చు ఇవ్వడం మానేసింది. అంటే చట్టం నైటింగేల్ మాటలోని మొదటి సగాన్ని ఆమోదించింది. చాలాచోట్ల దీనివల్ల మేలు కూడా జరిగింది. పరుపులు మారాయి, చర్మం చూసి రాసిపెట్టడం అలవాటైంది. ఇంతలో 2020 వచ్చింది.

కరోనాలో వైద్యులు చేసిన ఒక పని పాత పాఠాన్ని తలకిందులు చేసింది, అక్షరాలా. రోగిని బోర్లా పడుకోబెట్టారు. ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుని ఆక్సిజన్ బాగా అందుతుందని 1970ల నుంచీ తెలుసు. 2013లో ఫ్రాన్సులో క్లోద్ గెరాన్ బృందం 466 మంది మీద చేసిన పరిశోధన దానిని స్థిరపరిచింది. తీవ్రంగా ఊపిరి అందని రోగులలో వెల్లకిలా ఉంచినవారిలో 28 రోజుల్లో 32.8 శాతం చనిపోతే, రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 16 శాతమే చనిపోయారు. ఇంత తేడా చూపే వైద్యాలు ఇంటెన్సివ్ కేర్‌లో అరుదు. అదే పరిశోధనలో ఇంకొకటీ తేలింది. బోర్లా ఉంచినవారికి ఒత్తిడి గాయాలు ఎక్కువ.

బోర్లా పడుకుంటే బరువు ఎక్కడ ఆనుతుంది? నుదురు, చెంప ఎముకలు, గడ్డం, రొమ్ము, మోకాళ్ళు, కాలివేళ్ళ కొసలు. ముఖం మీద ఎముకకూ చర్మానికీ మధ్య కండ చాలా తక్కువ. పైగా నోట్లో గొట్టం, దానిని పట్టి ఉంచే పట్టీలు. రోగికి మత్తుమందు, అవసరమైతే కండరాలను పూర్తిగా సడలించే మందు. అంటే పోలియో రోగికి మిగిలిన ఆ ఒక్క వరం, స్పర్శ, ఇక్కడ మనమే తీసేశాం. రక్తపోటు నిలపడానికి ఇచ్చే మందులు చర్మానికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. జ్వరం, చెమట, రక్తంలో ఆక్సిజన్ లేమి సరేసరి. ఒక్క రోగిని బోర్లా తిప్పాలంటే అయిదారుగురు మనుషులు కావాలి. తిప్పాక కూడా కొద్ది గంటలకొకసారి తల అటూ ఇటూ మార్చాలి.

ఇది చాలదన్నట్టు షార్కో దయ్యం కూడా తిరిగి వచ్చింది. కరోనాలో సన్నని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, ఒత్తిడి లేనిచోట కూడా చర్మం ఊదారంగుకు మారడం 2020లోనే వైద్యులు గమనించారు. చూడడానికి అచ్చం లోతైన ఒత్తిడి గాయంలాగే ఉంటుంది. పైన చెప్పిన అమెరికా సలహా సంఘమే ఆ సంవత్సరం, మీరు చూస్తున్న ఊదామచ్చలన్నీ ఒత్తిడి గాయాలు కాకపోవచ్చు అని హెచ్చరించవలసి వచ్చింది. జబ్బు తానే చర్మాన్ని చంపగలదన్న షార్కో ఊహ కారణం విషయంలో తప్పే. కానీ కొన్నిసార్లు జబ్బుకూ వాటా ఉంటుందన్న గమనింపు పూర్తిగా తప్పు కాదు. ఇంకొక సంగతి. ఆ రోజుల్లో రోగులకే కాదు, గంటల తరబడి బిగించిన మాస్కులూ కళ్ళద్దాలూ పెట్టుకున్న నర్సుల ముక్కుల మీదా చెంపల మీదా ఇవే గాయాలు పడ్డాయి. ఒకే చెంప మీద ఒకే గాయం, మంచం మీద ఉన్నవారికీ, పక్కన నిలబడ్డవారికీ.

* * *

ఇదంతా చదివాక అత్తయ్య ఆసుపత్రి కాగితాలు మళ్ళీ తెరిచాను. ఆరు రోజులు, రోజుకు 16 గంటల చొప్పున బోర్లా ఉంచినట్టు అందులో ఉంది. చెంప మీద గాయం పడిన తేదీ కూడా రాసి ఉంది. దాచలేదు. వెన్ను దగ్గర మాత్రం, ఇంటెన్సివ్ కేర్ నుంచి మామూలు వార్డుకు మార్చిన రోజున చర్మం బాగున్నట్టు రాశారు. తర్వాతి తొమ్మిది రోజుల కాగితాల్లో చర్మం మాటే లేదు.

అంటే రెండు పుండ్లకు రెండు కథలు. చెంప మీది పుండు ఊపిరికి కట్టిన సుంకం. వెన్ను మీది పుండు అలా కాదు. ప్రాణాపాయం దాటి, కళ్ళు తెరిచి, మాట్లాడగలిగిన మనిషికి పడింది. అది పడకుండా ఉండవలసింది. ఈ మాట మెత్తగా చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఎవరి తప్పు అని అత్తయ్యనే అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది: "రాత్రిపూట ఒకతే పిల్లరా. ముసుగులో ముఖం కూడా కనబడదు. మేం ఇరవై మందికి పైనే. నీళ్ళడిగితే తెచ్చేది. పక్కకు తిప్పమ్మా, నడుము మండుతోంది అంటే, ఇంకో మనిషి దొరకాలి పెద్దమ్మా, నా ఒక్కదానివల్ల కాదు అనేది. రెండుసార్లడిగి ఊరుకున్నాను. పాపం, ఆ పిల్ల కాళ్ళు వాచిపోయి ఉండేవి."

స్పర్శ ఉంది, నోరు ఉంది, వినే చెవీ ఉంది. రెండో జత చేతులు మాత్రం లేవు. మామూలు రోజుల్లో మన ఆసుపత్రుల్లో ఆ రెండో జత చేతులు ఎవరివో మీకు తెలుసు. మంచం పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడే కూతురివి, కోడలివి, తమ్ముడివి. కరోనాలో వారిని లోపలికి రానివ్వలేదు. రానివ్వకపోవడం సరైనదే. కానీ వారు చేసే పనిని లెక్కకట్టి దానికి బదులుగా మనుషులను పెట్టాలన్న ఆలోచన రాలేదు. ఎన్నడూ జీతాల పట్టీలో లేని చేతులు గనుక, అవి మాయమైనప్పుడు ఎవరి లెక్కలోనూ తగ్గలేదు.

ఇంటికి వచ్చాక రెండు గంటలకొకసారి అలారం పెట్టుకుని బావా వదినా వంతులు వేసుకున్నారు. మొదటి రాత్రి రెండింటికి తిప్పిన బావ నాలుగింటికి లేవలేదు. ఆరింటికి లేచి, తల్లి మంచం దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. "ఒక్క అమ్మను, ఒక్క రాత్రి, నావల్ల కాలేదు" అన్నాడు. ఫిర్యాదు మాత్రం రాశాడు. రాయవద్దని నేనూ అనలేదు. అయితే ఏ నర్సు మీదా కాదు. రాత్రి వార్డులో ఎంతమంది రోగులకు ఎంతమందిని పెట్టారని అడుగుతూ రాశాడు. జవాబు ఇంతవరకు రాలేదు. పుండు మానడానికి ఆ ఏడు దసరా దాటింది.

* * *

ఇంట్లో మంచం పట్టినవారున్న మిత్రుల కోసం నాలుగు మాటలు. వీలైనంతవరకు రెండు గంటలకొకసారి పక్క మార్చండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. మధ్యలో కంత ఉన్న గుండ్రటి దిండ్లు వాడకండి, అవి చుట్టూ నొక్కి రక్తాన్ని ఆపుతాయి. ఎర్రబడ్డ చోట రుద్దకండి. స్పిరిటు, పౌడరు వేసి మర్దన చేయడం మన పాత అలవాటే గానీ, నలిగిన కండను అది ఇంకా నలుపుతుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడని ఎరుపు తొలి హెచ్చరిక. మనవంటి చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు కనబడదు. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో ఉందేమో చేత్తో తడిమి చూడాలి. చర్మం చిట్లితే, లేదా నల్లబడితే ఆలస్యం చేయక వైద్యుడికి చూపించండి.

అత్తయ్య చెంప మీద మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా అదేమిటని అడిగితే, "ఊపిరి తీసుకున్నందుకు పడ్డ ముద్ర" అని నవ్వుతుంది. వెన్ను మీది మచ్చ గురించి ఎవరూ అడగరు. నేను అడుగుదామనే ఇదంతా రాశాను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి అనుభవాలుంటే, ముఖ్యంగా మీలో నర్సులుగా పనిచేసినవారుంటే, రాయండి. నా లెక్కల్లో పొరపాట్లుంటే దిద్దండి.